తక్కువ వెల నడుగువారును, పాత వస్తువుల నమ్మువారును

మన పాఠశాలలో ప్రతి తరగతియందును తపాలా బిళ్లలను ప్రోగుచేయు బాలురును బాలికలును కొందరుందురు. కొందరి యిండ్లలో తాతలనాటి వెండి రూపాయలు, రంగుబొమ్మల తపాలా కార్డులు, పాత దస్తావేజులు పెట్టె యడుగున పడియుండును. ఇట్టి వస్తువులను కొనుటయు నమ్ముటయు లోకమంతట నొక వర్తకముగా సాగుచున్నది. ఆ వర్తకములో ప్రతిదినమును సంభవించు నొక చిన్న విషయమును గూర్చి యీ వ్యాసమున వివరింప దలచితిని. అమ్మువాడు వేయి రూపాయలని చెప్పిన వస్తువునకు కొనువాడు రెండువందలు మాత్రమే యిచ్చెదననును. అప్పుడు అమ్మువాడేమి చేయవలయును? కోపపడవలయునా? నవ్వి యూరకుండవలయునా? ఒక్కసారిగా ఆరువందలకు దిగవలయునా?

ఇది వినోదమునకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. ఇంటి పెద్ద గతించిన పిమ్మట, ఆయన యిరువది ముప్పది సంవత్సరములు శ్రమపడి కూర్చిన బిళ్లల పుస్తకమును పట్టుకొని అంగడికి పోవు తల్లులును బిడ్డలును గలరు. అచ్చట వినబడు మొదటి మాట కొందరికి దైవమిచ్చిన సొమ్మువలెను, కొందరికి చచ్చినవాని కవమానమువలెను తోచును. రెండును పొరపాటే కావచ్చును. కావున నట్టి వస్తువునకు వెల యెట్లేర్పడునో ముందుగా తెలిసికొనవలయును.

బియ్యమునకును, కందిపప్పునకును ఊరిలో నందరెరిగిన ధర యొకటి యుండును. ఒక యంగడిలో దొరకనిచో మరియొక యంగడిలో నదే సరకు దొరకును. పాత తపాలా బిళ్ల యట్టిది కాదు. ఒకే పలకనుండి యొకే దినమున అచ్చుపడిన రెండు బిళ్లలలో నొకటి పది రూపాయలకును, మరియొకటి వేయి రూపాయలకును పోవచ్చును. 1840వ సంవత్సరము మే నెలలో ఇంగ్లాండు దేశమున వాడుకలోనికి వచ్చిన పెన్నీ బ్లాకు అను నల్లని బిళ్లను తీసికొనుడు. ఉత్తరములపై నంటించు బిళ్లలలో లోకమున కంతటికి నిదియే మొదటిది. మొదటిది గనుక మిక్కిలి యరుదైనదని యనేకులు తలంతురు. కాని యిది ఆరుకోట్ల ఎనుబది లక్షలకు మించి అచ్చువేయబడినది. నేటికిని విస్తారముగా దొరకుచున్నది. ఆ కాలమున బిళ్లల నడుమ చిల్లులు పొడుచు యంత్రము లేదు. తపాలా గుమాస్తాలు కత్తెరతో కత్తిరించి యిచ్చుచుండిరి. అందుచేత కొన్నిటికి నాలుగు వైపులను తెల్లని యంచు మిగిలినది. కొన్నిటికి కత్తెర రాణిగారి బొమ్మలోనికే దిగినది. పేరు రెండింటికి నొకటే. వెల మాత్రము ఒకటికి పదింతలు వ్యత్యాసముగా నుండవచ్చును. పేరు మాత్రము విని వెల కట్టినవాడు అమ్మువాడైనను కొనువాడైనను మోసపోవును.

దీనికి తోడు కేటలాగులు మరియొక చిక్కును తెచ్చిపెట్టుచున్నవి. స్టాన్లీ గిబ్బన్సు అను నింగ్లీషు వర్తకుడు 1856లో ప్లిమత్ పట్టణమున తన తండ్రిగారి మందుల యంగడిలో బిళ్లల వ్యాపారమారంభించి, 1865లో మొదటి ధరల పట్టికను ప్రకటించెను. ఆయన పేరిట వెలువడు కేటలాగు నేడును సంగ్రాహకులకు ముఖ్యాధారముగా నున్నది. అందలి యంకెలకు అర్థమేమి? మంచి స్థితిలోనున్న బిళ్లను ఆ యంగడివారు అమ్మదలచు వెల యని దాని యర్థము. వారు కొను వెల యని గాని, మన చేతనున్న మరకపడిన బిళ్లకు వచ్చు వెల యని గాని కాదు. అంతేకాక మిక్కిలి సామాన్యమైన బిళ్లలకు వ్రాసియుండు కనిష్ఠపు వెల నిజమునకు బిళ్ల విలువయే కాదు. దానిని వెదకి తీసి పొట్లము కట్టి పంపుటకగు శ్రమకు ప్రతిఫలము. ఇది తెలియని బాలుడు తనయొద్దనున్న ఐదువందల సామాన్యపు బిళ్లలను ఆ కనిష్ఠపు వెలతో హెచ్చవేసి, తన పుస్తకమున కొక యావును కొనవచ్చునని లెక్క కట్టును. అంగడివాడు ఆ పుస్తకమునకు నూరు రూపాయలిచ్చెదననగా బాలుని మొగము చిన్నబోవును. ఆ నూరును న్యాయమే కావచ్చును.

నాణెముల విషయములో నీ చిక్కు కొంత తక్కువ. వెండి నాణెమునకు తన క్రింద నొక నేల గలదు. విక్టోరియా రాణి బొమ్మగల రూపాయ 11.66 గ్రాముల తూకము గలది. అందు వేయింట 917 పాళ్లు వెండి. అనగా రమారమి 10.7 గ్రాముల మేలిమి వెండి. దానిని కరగించినను అంత వెండికి కంసాలి ధర కట్టును. కావున నట్టి రూపాయకు ఆనాటి వెండి ధరకన్న తక్కువ నడిగినవాడు బేరమాడుచున్నవాడు కాడు. అమ్మువానికి లెక్క రాదని తలంచుచున్నవాడు. అయితే 1940 మొదలు రూపాయలో వెండి సగమునకు తగ్గింపబడినది. 1947లో ముద్రింపబడిన రూపాయ నికెలు లోహముతో చేయబడినది, అందు వెండియే లేదు. చూచుటకు తెల్లగా నున్నవన్నియు వెండియని తలంచి యడుగు అమ్మువారును గలరు. అప్పుడు కొనువాడు చెప్పు తక్కువ వెలయే సరియైనది. ఇక 1939 అను సంవత్సరము గల వెండి రూపాయ మిక్కిలి యరుదైనది గనుక వెండి ధరతో దానికి సంబంధమే లేదు. కాగితపు బిళ్లకు ఇట్టి నేల యేదియు లేదు. కోరువాడు లేనిచో నది కాగితపు తునకయే.

ఇచ్చట గృహిణులకొక మాట. అమ్మదలచిన నాణెమును చింతపండుతో తోమి తళతళలాడునట్లు చేయవలదు. దానిపై నేర్పడిన పాతరంగునే సంగ్రాహకులు కోరుదురు. తోమిన నాణెమును చూడగనే యెరిగిన కొనువాడు వెల తగ్గించును, అందులో నతని తప్పేమియు లేదు.

ఇక తక్కువ వెల నడుగువారి సంగతి. వీరందరు నొక్క తీరువారు కారు. మరల అమ్ముటకే కొను వర్తకుడు తాను తుదకు పొందగల వెలలో సగమైనను, అంతకన్న తక్కువయైనను చెప్పును. అతనికి అంగడి యద్దె గలదు. కొన్న వస్తువు మూడు సంవత్సరములు కొనువాడు లేక పడియుండవచ్చును. నూరు బిళ్లల పుస్తకములో పది మాత్రమే అమ్ముడుపోవచ్చును. కావున సగము వెలయనగానే దొంగతనమని కేకలు వేయరాదు. మరికొందరు క్రొత్త సంగ్రాహకులు, వెలలు తెలియక తమ జేబులోనున్నదానినే వెలగా చెప్పువారు. ఇంకను కొందరు హైదరాబాదు ఆబిడ్సు వీధిలో ఆదివారమునాడు పాత పుస్తకముల యొద్దనో, బొంబాయి చోర్ బజారులోనో బేరమాడి యలవాటుపడి, చెప్పినదానిలో మూడవ వంతునుండి మొదలుపెట్టుటయే మర్యాదయని నమ్మినవారు. వీరికి ద్వేషము లేదు. వస్తువు మంచిదని యెరిగియు చెడ్డదని నిందించి, తక్కువకు కొనిపోయి, ఇంటికి చేరిన పిమ్మట సంతోషముతో చెప్పుకొనువాడు మరియొక తెగవాడు. ఇతని చిత్రము సామెతల గ్రంథము ఇరువదియవ అధ్యాయమున నున్నదని మన వారెరుగుదురు. అంత పురాతనమైనది యీ యలవాటు. అమ్మువాని యెదుట నిలిచినప్పుడు ఈ నలుగురును పలుకునది ఒకటే మాట: “రెండువందలిత్తును.” ఆ మాటనుబట్టి మనుష్యుని గుర్తించుట యెవ్వరికిని సాధ్యము కాదు.

గుర్తింపలేకున్నను కోపము మాత్రము వచ్చును. ఇది మానవ స్వభావములోనే యున్నదని యర్థశాస్త్రజ్ఞులు పరీక్షించి చూచిరి. అమెరికాలో కొందరు విద్యార్థులకు కాఫీ గిన్నెలిచ్చి, వానిని ఎంతకు అమ్మెదరని యడిగిరి. గిన్నెలు పొందని విద్యార్థులను ఎంతకు కొనెదరని యడిగిరి. అమ్మువారు కోరిన వెల కొనువారు చెప్పినదానికి సుమారు రెండింతలుండెను. ఆ గిన్నెలు వారి చేతికి వచ్చి కొన్ని నిమిషములు మాత్రమే యైనది! కానమన్, నెట్ష్, థేలరు అను ముగ్గురు 1990లో దీనిని ప్రకటించిరి. కొన్ని నిమిషములకే యట్లయినచో, ముప్పది యేండ్లు తండ్రి చేతిలో మెలగిన పుస్తకమును గూర్చి బిడ్డలెట్లు తలంతురో వేరుగ చెప్పనక్కరలేదు. 1982లో జర్మనీ దేశపు పండితులు ప్రకటించిన మరియొక పరీక్ష కలదు. కొంత సొమ్ము నొకని చేతికిచ్చి, రెండవవానికి కొంత పంచుమందురు. రెండవవాడు సమ్మతించిన ఇద్దరికిని వచ్చును. వలదన్న నిద్దరికిని ఏమియు రాదు. పంపకము మరీ తక్కువైనచో, అనగా అయిదవ వంతునకు లోబడినచో, రెండవవాడు తఱచుగా వలదనుచుండుట అనేక దేశములలో కనబడినది. ఊరక వచ్చు సొమ్మునైనను కాలదన్నునే గాని, చులకనను సహింపడు. తక్కువ వెల నడిగినవానిపై అమ్మువాడు మండిపడుట ఈ జాతిలోనిదే. అనుభవము గల వర్తకుడు ఈ కోపమును చంపుకొనుటకై యుపాయములను కల్పించుకొనెను.

వానిలో మొదటిది రహస్యాక్షరములు. ఇంగ్లాండు, అమెరికా దేశముల పాతవస్తువుల వర్తకులలో నిది చిరకాలపు టాచారము. ఒక్క యక్షరమైనను మరల రాని పది యక్షరముల మాట నొకదానిని యెన్నుకొందురు. మొదటి యక్షరము 1, రెండవది 2, ఇట్లే తొమ్మిదవది 9, పదియవది సున్న. వస్తువుపై కట్టిన చీటీమీద అమ్ము వెలను అంకెలతోను, తాము కొన్న వెలను ఈ యక్షరములతోను వ్రాసికొందురు. కొనువాడు రెండువందలనగానే, వర్తకుడు చీటీని చూచి తాను నాలుగువందల యేబదికి కొనెనని యెరుగును. కొనువానికేమియు తెలియదు. దీనివలన నేమి లాభము? వర్తకుని ప్రత్యుత్తరము అతని మనస్సులోని మంటనుబట్టి గాక చీటీమీది యక్షరములనుబట్టి వచ్చును. తక్కువలో తక్కువ యెంతకీయవచ్చునో అతడు ఆ వస్తువును కొన్న దినముననే, ప్రశాంతమైన బుద్ధితో నిర్ణయించుకొనియున్నాడు.

రెండవది ప్రత్యుత్తరపు తీరు. వెలను విని యెగతాళి చేయక, “అయ్యా, దీనిని నేను తొమ్మిదివందల యేబదికి ఈయగలను” అని మర్యాదగా చెప్పి యూరకుండుట. ఆ చిన్న తగ్గింపులో చాల యర్థమున్నది. వేయి చెప్పి, రెండువందలు విని, వెంటనే ఆరువందలకు దిగిన యమ్మువాడు తన మొదటి వెల యసత్యమని తానే యొప్పుకొన్నవాడగును. అప్పుడు కొనువాడు ఆరువందలనైనను నమ్మడు. మూడువందలకు వచ్చునని కాచుకొనియుండును. వేయి నుండి తొమ్మిదివందల యేబదికి, అటనుండి తొమ్మిదివందల ముప్పదికి దిగినవాడు తాను నేలకు చేరువగుచున్నానని నోటితో చెప్పకయే తెలుపుచున్నాడు. ఇది కాక, కొందరు సరసమైన వర్తకులు, “ఈ వెలను మీరెట్లు కట్టితిరో చెప్పుదురా?” అని యడుగుదురు. నా యభిప్రాయములో నిదియే యన్నిటికన్న మంచి మాట. వట్టి బేరగాడు దానికి జవాబు చెప్పలేక పోవును. తెలిసినవాడైనచో, బిళ్ల వీపున కాగితము పలుచబడినదనియో, ఒక మూల పన్ను విరిగినదనియో, జిగురు మరల పూయబడినదనియో చూపును. అమ్మువాడు భూతద్దము పట్టి చూచి, అది నిజమైనచో వెల తగ్గింపవలయును. ఆ కొనువాడు కొనక పోయినను తరువాతి కొనువానికై చీటీమీది వెలనుకూడ మార్చవలయును. ఆ రెండవ పని చేయువారు కొందరే.

“ఇదొక్కటి రాదు గాని, ఈ రెండింటిని కలిపి తీసికొన్నచో పన్నెండువందలకు ఇచ్చెదను” అను పద్ధతియు గలదు. వస్తువు క్రొత్తగా వచ్చినదైనచో కొంతకాలము కాచుకొనుటయు, రెండేండ్లుగా నెవ్వరును ముట్టనిదైనచో కొన్న వెలకే వదలుటయు వర్తకులెరిగిన సంగతులే. అన్నిటికి మించి, తక్కువ నడిగినవానిని తరిమివేయకుండుట. నేడు వెలలు తెలియక రెండువందలన్న బాలుడు పది సంవత్సరములకు ఆ యంగడికి నిత్యము వచ్చు సంగ్రాహకుడు కావచ్చును.

మన దేశపు పశువుల సంతలలో బేరగాండ్రు తుండుగుడ్డ క్రింద చేతులు కలిపి, వ్రేళ్లు నొక్కి వెల తెలుపుకొనుట మీలో కొందరు చూచియుందురు. అది కేవలము వింత యాచారమని యెంచవలదు. ఎద్దు విలువలో సగమే యొకడు చెప్పినను ఆ మాట చుట్టునున్నవారి చెవిని పడదు. అమ్మువానికి నలుగురిలో నవమానము లేదు. తరువాత వచ్చువాడు ఆ తక్కువ వెలను పట్టుకొని బేరము మొదలుపెట్టుటకును వీలు లేదు. మాట పైకి రాదు గనుక కోపము రాదు. ఈబే అను అంతర్జాల విక్రయశాలలో నీనాడు ఇదే పని యంత్రము చేయుచున్నది. కొనువాడు తన వెలను తెలుపవచ్చునని యనుమతించు అమ్మువాడు, ఇంతకు తక్కువైనచో తిరస్కరింపుమని ముందుగనే యొక హద్దును వ్రాసిపెట్టవచ్చును. అంతకు లోబడిన వెల వచ్చినచో యంత్రమే వలదని చెప్పును. అర్ధరాత్రి లేచి యెవ్వరో దూరదేశమునుండి పంపిన హీనమైన వెలను చూచి నిద్ర చెడగొట్టుకొను పని యుండదు. వేలములోనైనచో ఈ హద్దునకు రక్షిత ధర యని పేరు. పాట అంతవరకు రానిచో వస్తువు అమ్మబడదు. మన 1930వ సంవత్సరపు సరకుల విక్రయ చట్టము దీని నంగీకరించుచున్నది. కాని అమ్మువాడు తన పక్షమున వేరొకనిచేత పాట పెంచదలచినచో ఆ హక్కును ముందుగా బహిరంగముగ తెలుపవలయునని విధించుచున్నది. తక్కువ వెలనుండి తన్ను తాను కాపాడుకొనుట న్యాయము, దొంగపాట అన్యాయము.

చట్టమనగా జ్ఞప్తికి వచ్చినది. తక్కువ వెల నడుగుటవలన కొనువానికిని నష్టము రావచ్చునని తెలుపు వ్యాజ్యెమొకటి పెన్నీ బ్లాకు పుట్టిన 1840లోనే ఇంగ్లాండులో జరిగినది. రెంచి యనునతడు తన పొలమును వేయి పౌనులకు ఇచ్చెదనని హైడు అనువానికి తెలిపెను. హైడు తొమ్మిదివందల యేబది యిచ్చెదననెను. రెంచి ఆలోచించి వలదనెను. అంతట హైడు, “అట్లయిన వేయి పౌనులకే తీసికొందును” అనెను. రెంచి ఈయననెను. హైడు న్యాయస్థానమున కెక్కగా, తొమ్మిదివందల యేబది యని పలికినప్పుడే వేయి పౌనుల మాటను హైడు త్రోసివేసినట్లయినదనియు, త్రోసివేసినదానిని తరువాత తనంత తానే మరల బ్రతికించుకొనలేడనియు తీర్పు చెప్పబడినది. బేరమాడి నవ్వుతో వెడలిపోయి, సాయంకాలమున తిరిగి వచ్చి చెప్పిన వెలకే యిమ్మని దబాయించువారు దీనిని తెలిసికొనుట మేలు. అమ్మువాడు ఇష్టమైన ఈయవచ్చును. ఈయవలెనను నిర్బంధము లేదు.

అయితే మరీ తక్కువ వెలకే యమ్మువాడు సమ్మతించినచో? 1872వ సంవత్సరపు మన కాంట్రాక్టు చట్టము దీనికి గుర్రపు దృష్టాంతము నిచ్చుచున్నది. వేయి రూపాయల గుర్రమును పది రూపాయలకు అమ్ముటకు ఒకడు స్వేచ్ఛగా సమ్మతించినచో ఆ యొప్పందము చెల్లును. అతడు తాను స్వేచ్ఛగా సమ్మతింపలేదని చెప్పినచో, వెల అంత తక్కువగా నుండుటను న్యాయస్థానము లెక్కలోనికి తీసికొనవలయును. అనగా తక్కువ వెల మాత్రమే నేరము కాదు. భయపెట్టియో, వంచించియో, బలవంతుని లోబడియో యిప్పించుకొన్న తక్కువ వెలయే ప్రశ్నార్థకమగును. ఎరుగకపోవుట యనునది ఈ రెండింటికి నడుమనున్నది. అచ్చట చట్టము కంటె కొనువాని మనస్సాక్షియే యెక్కువ పని చేయవలసియున్నది.

ఎరుగకపోవుట యెంతదూరము పోగలదో చూడుడు. 1856లో బ్రిటిషు గయానాలో, ఇంగ్లాండునుండి రావలసిన బిళ్లలు చాలకపోగా, ఆ యూరి ముద్రాలయములోనే యెఱ్ఱని కాగితముపై ఓడబొమ్మతో ఒక సెంటు బిళ్లలు అచ్చువేయించిరి. 1873లో పండ్రెండేండ్ల పాఠశాల బాలుడొకడు ఇంటిలోని పాత కాగితములలో దానిని కనుగొనెను. మూలలు కత్తిరింపబడి అందవికారముగా నుండుటచే, ఆ యూరి సంగ్రాహకుడు సంకోచించుచునే ఆరు షిల్లింగులిచ్చి కొనెను. అట్టిది మరియొకటి దొరకలేదు. ఆ బిళ్లయే 2014లో న్యూయార్కు వేలములో సుమారు 95 లక్షల డాలర్లకును, 2021లో సుమారు 83 లక్షల డాలర్లకును అమ్ముడుపోయినది. ఆ బాలుని మోసగించిరని యనేకులు వ్రాయుచుందురు. నాకట్లు తోచదు. కొన్నవానికిని దాని విలువ తెలియదు. లోకములో నిది యొక్కటే యని ఆ దినమున నెవ్వరు నెరుగరు. ఆరు షిల్లింగులు నేటి కంటికి తక్కువ గాని, నాటి చేతికి తక్కువ కాదు.

నేడు తెలిసియు తెలియనివారివలె నటించువారి విషయము వేరు. 1948 ఆగస్టు 15వ తేదీన మహాత్మా గాంధిగారి బొమ్మతో వెలువడిన నాలుగు బిళ్లలలో పది రూపాయల బిళ్ల యొకటి. గవర్నరు జనరలు గారి కార్యాలయము కొరకు వానిలో కొద్దిపాటి బిళ్లలపై “సర్వీసు” అను మాటను అచ్చువేసిరి. అట్టివి నాలుగు కలిసియున్న వరుస 2017లో ఐదు లక్షల పౌనులకు అమ్ముడుపోయినది. ఒక్క మాటయే భేదము! అది యేమిటో తెలియని వితంతువు చేతినుండి సామాన్యపు బిళ్ల వెలకు దానిని కొనిపోయినవాడు బేరమాడినవాడని నేననను. కాని న్యాయముగ చెప్పవలెనన్న, ఆ యొక్క మాటను దొంగముద్రతో వేయుటయు సులభమే. కావున తెలిసిన కొనువాడు కూడ శంకించి తక్కువ నడుగవచ్చును. అప్పుడు వాదించి లాభము లేదు. నిపుణుల ధ్రువపత్రము తెప్పింపవలయును. లండనులోని రాయల్ ఫిలాటెలిక్ సొసైటీ నిపుణ సంఘము 1894 నుండి ఇట్టి పత్రముల నిచ్చుచున్నది. పత్రము చేతబట్టుకొన్న యమ్మువాడు గొంతు పెంచనక్కరలేదు.

ఇక బేరమాడనే కూడని వస్తువులును గలవు. పొలము దున్నునప్పుడు నాణెముల కుండ దొరకినచో, దాని విలువ పది రూపాయలకు మించినంత మాత్రముననే కలెక్టరుగారికి తెలుపవలయునని 1878వ సంవత్సరపు నిక్షేపముల చట్టము విధించుచున్నది. నూరేండ్లు దాటిన పురావస్తువుల వ్యాపారమునకు 1972వ సంవత్సరపు చట్టముక్రింద లైసెన్సు కావలయును; అట్టివానిని స్వంతముగా దేశము దాటించుట నిషిద్ధము.

తక్కువ వెల నడుగువానికంటె నెక్కువగా భయపడవలసినవాడు ఒకడున్నాడు. అతడు మిక్కిలి యెక్కువ వెల నిచ్చెదననువాడు. మీ యింటనున్న పాత అయిదు రూపాయల నాణెమునకు లక్షలిత్తుమని టెలిఫోనులో చెప్పి, ముందుగా రుసుము, కమీషను, పన్ను అను పేర్లతో సొమ్ము పంపుమందురు. సొమ్ము పంపిన పిమ్మట వారి జాడ యుండదు. తమ పేరు వాడుకొని యిట్టి మోసములు జరుగుచున్నవనియు, తాము పాత నోట్ల, నాణెముల క్రయవిక్రయములలో నెట్టి రుసుమును పుచ్చుకొనమనియు రిజర్వు బ్యాంకువారు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించిరి. వేయి రూపాయల వస్తువునకు రెండువందలన్నవాడు తన సొమ్మునే యీయజూచుచున్నాడు. లక్షలన్నవాడు మన సొమ్మునే యడుగుచున్నాడు.

ఇంట నిట్టి సేకరణ గల తలిదండ్రులు చేయదగిన పని యొకటి గలదు. పుస్తకములో ముఖ్యమైన ప్రతి బిళ్ల క్రిందను, నాణెముల పెట్టెలో ప్రతి పొట్లముమీదను, కొన్న సంవత్సరమును, ఇచ్చిన వెలను, వేరొకరు అడిగియున్నచో ఆ వెలను వ్రాసియుంచవలయును. బిడ్డలకు బిళ్లల శాస్త్రము రాకపోయినను, ఆ యంకెలు పట్టుకొని ఇద్దరు ముగ్గురు వర్తకులకు చూపి, వారు చెప్పినవానిని పోల్చుకొనగలరు. వ్రాత పెన్సిలుతోనే యుండవలెను. అదియు పుస్తకపు పుటమీదనే గాని బిళ్ల వీపున వ్రాయరాదు. వీపున వ్రాత కనబడిన మరుక్షణమే కొనువాడు వెల తగ్గించును.